క్లాస్‌మేట్ ప్రెజెంటేషన్‌లో తప్పులుంటే అందరి ముందూ చెప్పాలా, తర్వాత చెవిలో చెప్పాలా?

పెరంబూరువాడు
చెన్నైలో ఎం.ఏ. హిస్టరీ చదువుతున్నాను. మొన్న సెమినార్ క్లాసులో మా తెలుగు కుర్రాడొకడు భాషాప్రయుక్త రాష్ట్రాల మీద పీపీటీ ఇచ్చాడు. పొట్టి శ్రీరాములు గారు నెల్లూరులో ఆమరణ దీక్ష చేశారన్నాడు. ఆ దీక్షతోనే 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ వచ్చిందన్నాడు. హైదరాబాదు రాజధానిగా రాష్ట్రం రావాలన్నదే ఆయన కోరిక అని చివరి స్లైడులో పెద్ద అక్షరాలతో పెట్టాడు.

దీక్ష జరిగింది ఈ ఊళ్ళోనే. మైలాపూరులో, రాయపేట హైరోడ్డు మీద బులుసు సాంబమూర్తి గారింట్లో. 1952 అక్టోబరు 19న మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి ప్రాణం వదిలారు. 19న నెహ్రూ ప్రకటన చేశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. హైదరాబాదు అప్పటికి వేరే రాష్ట్రం. మా క్లాసు నుంచి ఆ ఇంటికి సిటీ బస్సులో వెళ్ళొచ్చు, అంత దగ్గర.

ప్రశ్నల టైములో లేచి ఈ మూడూ చెప్పాను. సార్ ‘కరెక్ట్’ అని ఊరుకున్నారు. అప్పట్నుంచి క్లాసులో తెలుగువాళ్ళెవరూ నాతో మాట్లాడటం లేదు. ‘తమిళోళ్ళ ముందు మనవాడి పరువు తీశావు, బయటికొచ్చాక చెప్పొచ్చుగా’ అంటున్నారు. మాకు తోటివాళ్ళ ప్రెజెంటేషన్ మీద అభిప్రాయం చెప్తే మార్కులు కూడా ఉన్నాయి. తప్పు కనబడినా నోరు మూసుకోవడమేనా మర్యాద?

21జి బస్సు
ఎవరూ మాట్లాడకపోతే మంచిదే బ్రో, సెమిస్టర్ దగ్గర పడింది, చదువుకో.

మార్కాపురం పలక
నోరు మూసుకోమని ఎవరన్నారు? ఎప్పుడు, ఎలా తెరిచావన్నది కదా ప్రశ్న. ప్రెజెంటేషన్ ఇచ్చేవాడు అప్పటికే టెన్షన్‌తో చచ్చిపోతుంటాడు. ఊళ్ళో తెలుగు మీడియంలో చదివి, ఇక్కడికొచ్చి ఇంగ్లీషులో మాట్లాడటమే వాడికి పెద్ద పరీక్ష. మూడు తప్పులనీ వరసపెట్టి చదివితే ఆ కుర్రాడు మళ్ళీ ఆ స్టేజీ ఎక్కుతాడా?

నా సంగతి చెప్తాను. డిగ్రీ ఇక్కడే చేశాను. భూగర్భజలాల మీద మాట్లాడాను, నెల రోజులు కష్టపడ్డాను. ఒక అమ్మాయి లేచి నేను ఒక ఇంగ్లీషు మాట పలికిన తీరు సరిదిద్దింది, తర్వాత ఒక అంకె సరిదిద్దింది. అంకె విషయంలో ఆమె చెప్పింది నిజమే. కానీ మా ప్రకాశం జిల్లా బోర్ల గురించి నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క ఎవరికీ గుర్తులేదు. ఆ ఏడాదంతా నన్ను చూస్తే ఆ మాటే పలికి నవ్వేవాళ్ళు.

పెరంబూరువాడు
అక్కా, నేను ఉచ్చారణ సరిదిద్దలేదు. చరిత్ర సరిదిద్దాను. రెండూ ఒకటెలా అవుతాయి?

లెక్కల మాష్టారు
58 రోజుల దీక్ష. కొన్నిచోట్ల 56 అని రాస్తారు, తప్పు. అక్టోబరులో 13, నవంబరులో 30, డిసెంబరులో 15. కూడుకోండి.

సాంబారు ఇడ్లీ
మాష్టారూ, ఇక్కడ రోజుల లెక్క ఎవరూ అడగలేదండీ.

లెక్కల మాష్టారు
అడక్కపోతే తప్పు ఒప్పవుతుందా?

నెల్లూరు అక్క
నేను కాలేజీలో పాఠాలు చెప్తాను, ఇలాంటి సెమినార్లు చాలా చూశాను. నోరు జారి ఏదో అంటే నేనైతే వదిలేస్తాను. స్లైడులో అచ్చు పడిందంటే మిగతావాళ్ళు నోట్సులో ఎక్కించుకుంటారు, కాబట్టి ఆ గదిలోనే దిద్దాలి. అక్కడ నేను తమ్ముడి వైపే. ముగింపే తప్పు మీద నిలబడితే ఇంకా తప్పదు. ఇక్కడ అదే జరిగింది. ఆయన అడిగింది మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర వేరుపడాలని. తెలంగాణతో కలిసింది తర్వాత, 1956లో. ఆ రెండూ కలిపేస్తే ప్రెజెంటేషన్‌లో మిగిలేదేమీ లేదు.

కానీ ఒక్కటి అడుగుతాను. నెల్లూరు అన్నది వాడి బుర్రలోకి ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించావా? శ్రీరాములు గారు నెల్లూరులో నిజంగానే నిరాహార దీక్ష చేశారు. 1946లో, మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల్ని రానివ్వాలని. పైగా ఇప్పుడు జిల్లాకి ఆయన పేరే ఉంది. నవంబరు 1 కూడా అంతే. మా బళ్ళల్లో ఆ రోజు ఆయన ఫొటోకే దండ వేసేవాళ్ళు. ఏ పిల్లాడైనా అలాగే అనుకుంటాడు. ‘నెల్లూరు అని ఎక్కడ చదివావు?’ అని అడిగి ఉంటే వాడే చెప్పేవాడు, అక్కడినుంచి గుడి దీక్ష, మద్రాసు దీక్ష రెండూ బయటికి వచ్చేవి. క్లాసుకీ కొత్త సంగతి తెలిసేది. తప్పు ఏదో చెప్పడం సులువు, ఎలా వచ్చిందో పట్టుకోవడంలోనే ఉంది పని.

పెరంబూరువాడు
మూలపేట సంగతి తెలుసండి. కానీ ‘ఎక్కడ చదివావు’ అని అడిగితే మాత్రం పరువు పోదా? అది ఇంకా ఘోరం. వాడు అక్కడ నిలబడి నీళ్ళు నములుతాడు, నేను నవ్వు దాచుకుంటూ చూస్తాను. జవాబు తెలిసి ప్రశ్న వేయడం నాటకం. తెలిసింది సూటిగా చెప్పి కూర్చోవడమే నాకు మర్యాదగా కనిపిస్తుంది.

21జి బస్సు
ఇది పాయింటే.

మార్కాపురం పలక
ఏం పాయింటు? మూడింట్లో ఒకటి చెప్పి, మిగతా రెండూ కాగితం మీద రాసి చేతికిస్తే చాలదా? రాత్రికి స్లైడ్లు దిద్దుకుని గ్రూపులో పెట్టుకునేవాడు. మీ సార్ కూడా విచిత్రమే. పీపీటీ ముందే తెప్పించుకుని చూసుంటే అసలు ఈ గొడవే ఉండదు. తప్పు పట్టడం పిల్లల మీదకి నెట్టి, దానికి మార్కులు పెడితే పక్కవాడి తప్పు ఎప్పుడు దొరుకుతుందా అని కాచుకుని కూర్చుంటారు. మార్కుల కోసం లేచావు, ఒప్పుకో.

పెరంబూరువాడు
ఆ మార్కులు ఐదు. ఐదు మార్కుల కోసం నేను స్నేహాలు పోగొట్టుకుంటానా?

సాంబారు ఇడ్లీ
మా ఆఫీసులో అయితే మేనేజర్ స్లైడులో తప్పుంటే ‘సూపర్ సార్’ అని మెయిల్ పెడతాం. మీరంతా ఇంకా కాలేజీలో ఉన్నారు, అదృష్టవంతులు.

లెక్కల మాష్టారు
58 అనేది మొదటిరోజునీ చివరిరోజునీ కలిపితే. మొదటిరోజు వదిలేస్తే 57. 56 ఎలా వచ్చిందో ఎవరైనా చెప్పగలరా?

వెనకబెంచి
నేను ఆ క్లాసులోనే ఉన్నాను. పెరంబూరువాడు ఎవరో ఒక్క లైను చదవగానే తెలిసింది. ఇక్కడ చెప్పని సంగతొకటి ఉంది. మొదటి రెండు తప్పులూ మర్యాదగానే ఇంగ్లీషులో చెప్పాడు, ఎవరికీ ఏమీ అనిపించలేదు. మూడోదానికి వచ్చేసరికి తమిళంలోకి దిగాడు. ‘ఉంగ ఊరు కదయే ఉనక్కు తెరియాదా’ అన్నాడు. మీ ఊరి కథే నీకు తెలీదా అని. క్లాసంతా ఒకటే నవ్వు. వాడికి తమిళం రాదు. ఎందుకు నవ్వుతున్నారో అర్థంకాక వాడూ నవ్వాడు. బయటికొచ్చాక నేను చెప్తే అప్పుడు తెలిసింది.

21జి బస్సు
అయ్యో.

మార్కాపురం పలక
ఇదన్నమాట. ఇంతసేపూ తేదీలు, అడ్రసులు అప్పజెప్పి అసలు ముక్క దాచిపెట్టావు. వాడికి రాని భాషలో వాడి మీద జోకేసి, ఇక్కడికొచ్చి ‘తప్పు దిద్దడం మర్యాదా కాదా’ అని అమాయకంగా అడుగుతున్నావు!

పెరంబూరువాడు
దాచలేదు. నాకు నోటికి తమిళమే ముందొస్తుంది, ఇక్కడే పుట్టాను. అన్నాను, నిజమే. ఎందుకన్నానో కూడా చెప్తాను, వినండి.

మీకు రాష్ట్రం వచ్చింది. 1949లోనే నెహ్రూ, పటేల్, పట్టాభి ఉన్న జె.వి.పి. కమిటీ చెప్పింది, మద్రాసు మీద ఆశ వదులుకుంటే ఆంధ్ర ఇస్తామని. ‘మద్రాసు మనదే’ అని అరిచినవాళ్ళంతా 1953లో మూట కట్టుకుని కర్నూలు వెళ్ళారు. మా తాత పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పని, ఆయన ఎక్కడికి పోతాడు? ఉండిపోయాడు. మేమంతా ఉండిపోయాం. 2006లో తమిళం తప్పనిసరి అని చట్టం వచ్చాక తెలుగు మీడియం బళ్ళల్లో పిల్లలు ఎన్ని తిప్పలు పడ్డారో మీకెవరికైనా తెలుసా? నేను తెలుగు రాయడం మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను. శ్రీరాములు గారు పుట్టింది మద్రాసులో, పోయింది మద్రాసులో. ఆ దీక్షనీ ఎత్తుకెళ్ళి నెల్లూరులో పెట్టేస్తే, ఈ ఊళ్ళో తెలుగువాళ్ళు ఉండేవాళ్ళన్న గుర్తే లేకుండా పోతుంది. పైగా రాజధాని హైదరాబాదు అట! మేం మీ కథలో ఎక్కడా లేం. సెలవులకి ఊరెళ్తే ‘అరవోడు’, ఇక్కడ ‘గొల్టి’. నాకు మండింది.

సాంబారు ఇడ్లీ
ఇంత కథ ఉందా దీని వెనక.

మార్కాపురం పలక
నీ బాధ నాకు అర్థమైంది, వెటకారం కాదు. కానీ తమ్ముడూ, 1953లో మద్రాసు వదిలేసింది ఆ కుర్రాడు కాదు. వాళ్ళ తాత అప్పటికి మా వైపు ఎక్కడో మేకలు కాచుకుంటూ ఉండుంటాడు. డెబ్భై ఏళ్ళ కోపం తెచ్చి ఇరవై నిమిషాలు మాట్లాడిన పిల్లాడి నెత్తిన పోశావు. నీకు కోపం ఉంటే నీ సెమినార్‌లో ఆ సంగతి చెప్పు, మేమూ వింటాం. ‘గొల్టి’ అంటే నీకు మండుతుంది కదా, ఆ నవ్వినవాళ్ళలో ఆ మాట అనేవాళ్ళు లేరా? వాళ్ళతో కలిసి నవ్వావు.

పెరంబూరువాడు
నేను నవ్వలేదు. వాళ్ళు నవ్వారు.

వెనకబెంచి
నవ్వలేదు, అది నిజం. కానీ ఆపలేదు కూడా.

నెల్లూరు అక్క
ఆ నవ్వు గురించి ఒక మాట. తమిళ పిల్లలకి ఇదే కథ ఇంకోలా తెలుసు. మద్రాసుని ఆంధ్రకి పోనివ్వకుండా తమిళ నాయకుడు మా.పొ.శి. ఉద్యమం నడిపి నిలబెట్టుకున్నారని వాళ్ళు చదువుకుంటారు. వాళ్ళకది గెలిచిన కథ. నువ్వూ ఆ కుర్రాడూ దాన్నే వేరే వేరేగా చెప్తున్నారు, వాడు నెల్లూరు నుంచి, నువ్వు పెరంబూరు నుంచి. ఈ మూడూ ఒకే గదిలో ఉన్నాయి. మీ సార్ ‘కరెక్ట్’ అని కూర్చోకుండా ఇంకో పది నిమిషాలు ఇచ్చుంటే ఆ సెమిస్టర్ మొత్తానికి అదే మంచి క్లాసయ్యేది. నాకు అసలు కోపం ఆయన మీద.

తప్పులు అందరి ముందూ చెప్పడం సరే అని నేను ఇప్పటికీ అంటాను. కాకపోతే ఎదుటివాడికి అర్థమయ్యే భాషలో చెప్పాలి, వాడు తిరిగి జవాబివ్వగలిగేలా ఉండాలి. ఆ మూడో మాటకి వాడు జవాబివ్వలేడు.

పెరంబూరువాడు
భాష సంగతి వరకు మీరన్నది ఆలోచిస్తాను. చెవిలో చెప్పడానికి మాత్రం ఒప్పుకోను. చెవిలో చెప్తే ఆ స్లైడు అలాగే గ్రూపులో తిరిగేది.

మార్కాపురం పలక
నేను ఇప్పటికీ కాగితం మీద రాసివ్వాల్సిందనే అంటాను. నువ్వు మారవు, నేనూ మారను.

వెనకబెంచి
వచ్చే బుధవారం నీదే కదా సెమినార్? టాపిక్ మద్రాసు గ్రాంటు, 1639 అని బోర్డు మీద చూశాను, ఈస్టిండియా కంపెనీకి ఇక్కడ స్థలం ఇచ్చిన కాగితం. మేమందరం చదువుకునే వస్తున్నాం. వాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెడతాను.

పెరంబూరువాడు
రమ్మను. తప్పుంటే అక్కడే లేచి చెప్పమను.

వెనకబెంచి
సరే, మొదటిది ఇప్పుడే అడుగుతున్నా. అప్పటి ఇక్కడి పాలకులు దామెర్ల నాయకులు ఇచ్చిన ఆ గ్రాంటు జూలై 22 అని వేస్తావా, ఆగస్టు 22 అనా?

పెరంబూరువాడు
రెండూ వేస్తాను. కాగితం మీద జూలై అని ఉంది, కానీ దాన్ని తీసుకున్న కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డే ఇక్కడికి చేరిందే జూలై 27న. అందుకే ఆగస్టు అంటారు, మద్రాస్ డే కూడా అప్పుడే చేస్తారు.

లెక్కల మాష్టారు
బుధవారం ఎన్ని గంటలకి? బయటివాళ్ళని రానిస్తారా?