వేగాస్ ట్రిప్‌లో రూమ్మేట్లతో స్వాప్: పెట్టుకోవాలా, వద్దా?

సరిలెక్క (చర్చ మొదలు):

ఏటా మే వచ్చేసరికి ఇదే ప్రశ్న నాలుగైదు చోట్ల పడుతోంది. ఈసారి ఒక్కచోటే తేల్చుకుందాం. వేగాస్‌లో ఏటా జరిగే పోకర్ టోర్నమెంట్ల పండగ డబ్ల్యుఎస్‌ఓపీకి (వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్) నలుగురు కలిసి వెళ్తారు, ఒకే ఇల్లు అద్దెకు తీసుకుంటారు. దిగిన రాత్రే ఎవరో ఒకరు "తలా ఐదు శాతం స్వాప్ వేసుకుందామా" అంటారు. కాదంటే ఏమనుకుంటారోనని మిగతా ముగ్గురూ తలూపుతారు. మొహమాటానికి ఒప్పుకోవడం తప్పే గానీ స్వాప్ మాత్రం మంచిదే అని నా వాదన.

కొత్తవాళ్లకు రెండు మాటల్లో: స్వాప్‌లో ముందు డబ్బు చేతులు మారదు. నా గెలుపులో నీకు 5 శాతం, నీ గెలుపులో నాకు 5 శాతం, అంతే. నలుగురు ఇలా మార్చుకుంటే ఎవరి ఆటలో వాళ్లకు 85 శాతం మిగులుతుంది, మిగతా ముగ్గురి నుంచి తలా 5 వస్తుంది.

ఎందుకు మంచిదంటే, పెద్ద ఈవెంట్లలో డబ్బు దక్కేది ఇంచుమించు 15 శాతం మందికే. నెలలో 12 ఈవెంట్లు ఆడే సగటు ఆటగాడిని తీసుకోండి. 0.85ని పన్నెండుసార్లు గుణిస్తే 0.14 వస్తుంది. అంటే ఏడుగురిలో ఒకరు నెలంతా ఆడి ఒక్క క్యాష్ (బహుమతి డబ్బు దక్కడం) కూడా లేకుండా విమానం ఎక్కుతారు. నలుగురికి నలుగురూ అలా తిరిగొచ్చే అవకాశం దాదాపు రెండున్నర వేలలో ఒకటే.

నదిముక్క:

సరిలెక్క గారూ, గుణకారం బాగుంది. కానీ క్యాష్ అవ్వడం వేరు, డబ్బు రావడం వేరు. 1,500 డాలర్ల ఈవెంట్‌లో మిన్-క్యాష్ (అతి చిన్న బహుమతి) అంటే బై-ఇన్‌కు (ప్రవేశ రుసుముకు) రెట్టింపు, అటూ ఇటూగా 3,000. అందులో ఐదు శాతం 150. స్ట్రిప్ మీద రెండు పూటలు తిని, ఊబర్ ఎక్కితే చెల్లు. మీరు చూపించిన "నలుగురిలో ఎవరో ఒకరు క్యాష్ అవుతారు" అనే ధైర్యం ఖరీదు ఆ 150 డాలర్లే. స్వాప్ వల్ల నిజంగా తేడా పడాలంటే ఒకరు ఫైనల్ టేబుల్ దాకా పోవాలి. వేలమంది ఫీల్డులో అది ఏ గుంపులోనైనా ఎన్నేళ్లకోసారి జరుగుతుందో ఆలోచించండి.

ఇంకోటి ఎవరూ పైకి చెప్పరు. సమానంగా మార్చుకోవాలంటే ఆట కూడా సమానంగా ఉండాలి. ఒకరు పెట్టిన డబ్బు మీద సగటున 25 శాతం లాభం తెచ్చే ఆటగాడు, ఇంకొకరు 10 శాతం నష్టపోయే ఆటగాడు అనుకుందాం. ఇద్దరూ ట్రిప్‌లో 20 వేల డాలర్ల బై-ఇన్లు ఆడితే 5 శాతం అంటే వెయ్యి డాలర్ల ఆట. మంచి ఆటగాడు 250 విలువ ఇచ్చి, మైనస్ 100 పుచ్చుకుంటాడు. మొహమాటం ఖరీదు 350 డాలర్లు, అదీ ఒక్క రూమ్మేట్‌కు.

డబ్బు రిస్కు తగ్గించుకోవాలంటే యాక్షన్ (మీ ఆటలో వాటా) అమ్ముకోండి. 10 వేల డాలర్ల మెయిన్ ఈవెంట్‌లో సగం 1.2 మార్కప్‌కు (అసలు ధరకు 1.2 రెట్లు) అమ్మితే 6,000 వస్తుంది, మీ జేబులోంచి పోయేది 4,000. కొన్నవాడికి కూడా లెక్క స్పష్టం: మీ సగటు లాభం 20 శాతం దాటితేనే అతనికి గిట్టుబాటు.

లేటురెజి:

లండన్ నుంచి. ఇద్దరూ పన్ను మాట మరిచిపోయారు. అసలు గొడవలన్నీ మొదలయ్యేది అక్కడే.

భారత్‌లో ఉండేవాళ్లకు అమెరికాలో టోర్నమెంట్ గెలుపు మీద 30 శాతం కేజ్ (కాసినో క్యాష్ కౌంటర్) దగ్గరే కోసేస్తారు. బ్రిటన్, జర్మనీ, ఫ్రాన్స్ లాంటి కొన్ని దేశాలతో అమెరికాకు ఉన్న పన్ను ఒప్పందంలో జూదం గెలుపుకు మినహాయింపు ఉంది. భారత్ ఆ జాబితాలో లేదు. ఇక్కడ చూసేది పాస్‌పోర్టు కాదు, ఏ దేశంలో పన్ను నివాసి అన్నది. భారత పాస్‌పోర్టుతో లండన్‌లో స్థిరపడినవాడు డబ్ల్యు-8బెన్ (విదేశీయుల పన్ను ఫారం), ఐటీఐఎన్ (అమెరికా పన్ను నంబరు) చూపిస్తే పూర్తి మొత్తం తీసుకోవచ్చు. ఆ ఐటీఐఎన్ గెలిచాక పరుగులు పెట్టి తెచ్చుకునేది కాదు, ముందే సంపాదించుకోవాలి.

ఇప్పుడు హైదరాబాద్ ఆటగాడు, లండన్ ఆటగాడు 10 శాతం స్వాప్ వేసుకున్నారనుకోండి. ఎవరు గెలిచినా 40 వేల డాలర్లు. లండన్ వాడికి 40 వేలూ చేతికొస్తాయి. హైదరాబాద్ వాడికి రమారమి 12 వేలు పోయి 28 వేలు. "మొత్తం మీద 10 శాతం" అనుకుంటే హైదరాబాద్ వాడు 28 వేలల్లోంచి 4 వేలు తీసివ్వాలి. అంటే చేతికొచ్చిన దాంట్లో 14 శాతం పైనే. "చేతికొచ్చినదాని మీద" అనుకుంటే అతను 2,800 ఇస్తాడు, లండన్ వాడు గెలిచినప్పుడు మాత్రం 4,000 ఇస్తాడు. రెండింట్లో ఏది న్యాయమో నేను చెప్పను. ఏదో ఒకటి కార్డులు పంచకముందే రాసుకోకపోతే మాత్రం స్నేహం గోవిందా.

డల్లాస్, న్యూజెర్సీ మనవాళ్లది ఇంకో తంటా. 2026 నుంచి జూదం నష్టాల్లో 90 శాతమే మినహాయించుకోనిస్తున్నారు. ఏడాదిలో 40 వేలు గెలిచి అంతే ఓడినా 4 వేల మీద పన్ను పడుతుంది. స్వాప్ కింద ఇచ్చిన వాటాకు కాగితం లేకపోతే అదీ వాళ్ల నెత్తినే.

గోవాబోటు:

వేగాస్ దాకా ఎందుకు, మాండోవి నదిలో కాసినో పడవల మీదే ఈ తగవు చూడొచ్చు. గోవాలో 5 లక్షల బహుమతి వస్తే లక్షన్నర టీడీఎస్ పోయి మూడున్నర చేతికొస్తుంది. బై-ఇన్ కూడా మినహాయించరు. 10 శాతం స్వాప్ అంటే ఒకడి లెక్కలో 50 వేలు, ఇంకొకడి లెక్కలో 35 వేలు. ఆ 15 వేల కోసం తిరుగు ప్రయాణంలో పక్కపక్క సీట్లలో కూర్చుని కూడా మాట్లాడుకోరు.

నదిముక్క అన్నా, నువ్వు చెప్పిన మార్కప్ అందరికీ రాదు. పేరున్నవాడి వాటాను కొంటారు. మొదటిసారి వెళ్లేవాడి వాటా 1.0కి కూడా ఎవరూ కొనరు. అలాంటివాడికి స్వాప్ ఒక్కటే దారి.

పన్ను కన్నా ఎక్కువ తెగేది బుల్లెట్ల (ఎన్నిసార్లు ఎంట్రీ కట్టారన్న లెక్క) దగ్గర. రీ-ఎంట్రీ (పోయాక మళ్లీ డబ్బు కట్టి చేరడం) ఉన్న 1,500 ఈవెంట్‌లో నేను ఒకసారి ఎంటర్ అయ్యాను, నువ్వు రెండుసార్లు. రెండోసారికి 10 వేలు కొట్టావు. మొత్తం మీద 10 శాతం అయితే నాకు వెయ్యి. రెండు బై-ఇన్లూ తీసేస్తే మిగిలింది 7 వేలు, నాకు 700. ఒక్క బై-ఇన్ తీసేస్తే 850. నువ్వు మొదటి బుల్లెట్‌కే స్వాప్ అనుకుని ఉంటే నాకు సున్నా. నాలుగు జవాబులూ ఎవరికి వాళ్లకు న్యాయంగానే కనిపిస్తాయి, అదీ అసలు ముప్పు. మెయిన్ ఈవెంట్‌లో ఈ బాధ లేదు, అది ఫ్రీజౌట్. ఒకసారి పోతే పోయినట్టే. అందుకే నా సలహా: స్వాప్ మెయిన్ ఈవెంట్ వరకే పెట్టుకోండి, మిగతావి ఎవరి డబ్బుతో వాళ్లు ఆడండి.

కళావరురాణి:

డబ్బు లెక్కలు అందరూ చెప్పారు, ఆట లెక్క ఎవరూ చెప్పలేదు.

బబుల్ (ఇంకొకరు పోతే మిగిలినవాళ్లందరికీ డబ్బు దక్కే దశ) మీద ఉన్నారనుకోండి. మీరు స్మాల్ బ్లైండ్ (కార్డులు చూడకముందే చిన్న పందెం పెట్టే సీటు), స్టాక్ (చిప్స్) 30 బిగ్ బ్లైండ్లు, అంటే పెద్ద ముందస్తు పందేనికి 30 రెట్లు. బిగ్ బ్లైండ్‌లో మీ రూమ్మేట్, 9 మాత్రమే. మిగతా అందరూ ఫోల్డ్ చేశారు (కార్డులు వదిలేశారు). మీ చేతిలో ఇస్పేటు రాజు, కళావరు ఏడు. ఎదురుగా అపరిచితుడు ఉంటే ఆలోచించే పనే లేదు, ఆల్ ఇన్ (మొత్తం చిప్స్ పందెం). ఇప్పుడు అతనిలో మీకు 10 శాతం ఉంది. అతని స్టాక్ విలువ 3,500 డాలర్లు అనుకుంటే, అతను పోతే మీకు 350 పోతుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఫోల్డ్ చేస్తారు, లేదా ఊరికే లింప్ చేసి (కనీస పందెం మాత్రమే కట్టి) చివరిదాకా చెక్ చేస్తారు (పందెం పెంచరు). సాఫ్ట్-ప్లే అంటే ఇదే. మోసం చెయ్యాలని ఎవరూ అనుకోరు, మొహమాటమే ఆ పని చేయిస్తుంది. టేబుల్ మీద మిగతా ఏడుగురి డబ్బు మాత్రం అలా పోతుంది.

స్వాప్ తప్పు కాదు, సాఫ్ట్-ప్లే మాత్రం శిక్షార్హం. హ్యాండ్ పోవడం నుంచి టోర్నమెంట్ నుంచి తీసేయడం దాకా ఉంటుంది. బయటి లావాదేవీ ఆటలోకి వస్తే ఏమవుతుందో 2025 డబ్ల్యుఎస్‌ఓపీలో మిలియనీర్ మేకర్ అనే ఈవెంట్‌లో చూశాం. చివరికి మిగిలిన ఇద్దరిలో ఒకరికి, గెలిస్తే, బయటి కంపెనీ నుంచి మిలియన్ డాలర్ల బోనస్ రావాల్సి ఉంది. ఆట తీరు మీద అనుమానాలు రాగానే నిర్వాహకులు విచారణ చేసి, విజేతనే ప్రకటించలేదు. విజేతకిచ్చే బ్రేస్‌లెట్ ఇవ్వకుండా సొమ్ము ఇద్దరికీ పంచేశారు.

కాబట్టి నేను చెప్పేది: 5 శాతం దాటొద్దు. 5 శాతంలో పైన చెప్పిన 350 కాస్తా 175 అవుతుంది, చెయ్యి అంతగా ఆగదు. ఒకే టేబుల్ మీద పడితే ఇద్దరూ పూర్తి దూకుడుతో ఆడాలని ముందే మాట అనుకోవాలి. అలా ఆడలేనని అనిపిస్తే అసలు స్వాప్ పెట్టుకోకూడదు.

మోడరేటర్:

చిన్న గమనిక. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం తర్వాత మన దేశంలో డబ్బు పెట్టి ఆన్‌లైన్ పోకర్ ఆడించడం నిషిద్ధం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో డబ్బు పెట్టి ఆడే ఇంటి గేములూ నేరమే. "హైదరాబాద్‌లో గేమ్ ఎక్కడ" అన్న పోస్టులు తొలగించాం, ఇకమీదా తొలగిస్తాం.

చిన్నస్టాక్:

ఇల్లు గురించి ఎవరూ రాయలేదు. స్వాప్ ఉన్న ఇంట్లో వాతావరణమే మారిపోతుంది. మధ్యాహ్నం మూడింటికి బస్ట్ అయినవాడు (చిప్స్ అయిపోయి బయటికొచ్చినవాడు) ఇంట్లో పడుకోడు, ఫోన్‌లో రూమ్మేట్ చిప్ కౌంట్ చూస్తూ కూర్చుంటాడు. అర్ధరాత్రి మిగిలిన చిప్స్ మర్నాటికి బ్యాగ్ చేసి వచ్చినవాడిని తలుపు దగ్గరే పట్టుకుని "ఆ రాణుల జత ఎందుకు కాల్ చేశావు" అని మొదలుపెడతాడు. వాడికి మర్నాడు మధ్యాహ్నానికల్లా డే 2 (టోర్నమెంట్ రెండో రోజు). నిద్ర పోవాలా, పంచాయితీ చెప్పుకోవాలా?

అందుకే డబ్బు నియమాలతో పాటు ఇంటి నియమాలూ కావాలి. డే 2 ఉన్నవాడికి రోడ్డు వైపు కాని గది ఇవ్వాలి, కిటికీకి దట్టమైన పరదా ఉండాలి. వేగాస్‌లో జూన్ ఎండ ఉదయం ఐదున్నరకే మొహం మీద పడుతుంది. ఆడుతున్నవాడు అడిగితే తప్ప హ్యాండ్ల చర్చ పెట్టకూడదు. రైల్ (ప్రేక్షకులు నిలబడే చోటు) దగ్గరికి వెళ్తే కేకలు వేయడం వరకే. 2024 మెయిన్ ఈవెంట్ ఫైనల్ టేబుల్ పక్కన ల్యాప్‌టాప్ వాడారన్న గొడవ తర్వాత పరికరాల మీద రూల్స్ బిగించారు. సాయం చెయ్యబోయి స్నేహితుడికి పెనాల్టీ తెచ్చిపెట్టొద్దు.

ఇక తిండి. డిన్నర్ బ్రేక్‌లో వేలమంది ఒకేసారి హోటళ్ల మీద పడతారు, క్యూలోనే సగం టైం పోతుంది. ఇంట్లో వండిన పెరుగన్నం డబ్బా ఉంటే పది నిమిషాల్లో తినేసి, మిగతా టైం నడవొచ్చు. రైస్ కుక్కర్ మాత్రం ఇక్కడినుంచి మొయ్యకండి. మనది 230 వోల్టులు, అక్కడ 120. ప్లగ్ మార్చే అడాప్టర్ పెట్టినా అన్నం ఉడకదు, గోరువెచ్చటి నీళ్లలో బియ్యం నానుతాయి. అక్కడే చిన్నది కొనుక్కోండి, నలుగురి మీద పంచుకుంటే టాక్సీ ఖర్చు కూడా కాదు.

నదిముక్క:

"టాక్సీ ఖర్చు కూడా కాదు" అన్నావు, కుక్కర్‌లో కూడా స్వాప్ పెట్టావన్నమాట.

కళావరురాణి అక్క చెప్పిన బబుల్ హ్యాండ్ చూశాక నా మాట ఇంకా గట్టిపడింది. అయినా పెట్టుకోక తప్పదంటే ఒక్క షరతు: వేగాస్ వదిలేలోపు అక్కడే డాలర్లలో చెల్లించేసుకోవాలి. "ఇంటికెళ్లాక రూపాయల్లో ఇస్తా" అంటే ఏ రోజు రేటు? నోట్లు తెచ్చుకునేటప్పుడు కూడా చూసుకోండి. ఇక్కడినుంచి వెళ్లేటప్పుడు నోట్ల రూపంలో 3,000 డాలర్ల దాకానే, మిగతాది ఫారెక్స్ కార్డులో. అమెరికా సరిహద్దు దాటేటప్పుడు, వచ్చేటప్పుడైనా పోయేటప్పుడైనా, 10 వేలు మించి ఉంటే డిక్లేర్ చెయ్యాలి. మన దగ్గర దిగేటప్పుడు నోట్లే 5 వేలు దాటితే కస్టమ్స్‌లో ఫారం నింపాలి. నింపితే ఏమీ కాదు. నింపకపోతేనే తిప్పలు.

సరిలెక్క:

ఒప్పుకుంటున్నాను, ప్రతి ఈవెంట్‌కూ స్వాప్ అనే మాట వెనక్కి తీసుకుంటున్నా. గోవాబోటు చెప్పినట్టు మెయిన్ ఈవెంట్ వరకే, కళావరురాణి గారు చెప్పినట్టు 5 శాతమే. విమానం ఎక్కకముందే వాట్సాప్ గ్రూపులో ఇది పెట్టి, నలుగురూ "సరే" అని టైప్ చేయాలి. బొటనవేలు బొమ్మ చాలదు:

"మెయిన్ ఈవెంట్, 10,000 డాలర్లు. ప్రతి ఇద్దరి మధ్యా 5 శాతం. బహుమతి నుంచి ముందు బై-ఇన్, తర్వాత అమెరికాలో కోసిన పన్ను తీసేసి మిగిలినదాని మీద లెక్క. అమ్ముకున్న యాక్షన్‌తో స్వాప్‌కు సంబంధం లేదు. ఒకే టేబుల్ మీద పడితే పూర్తి ఆట. డబ్బు అందిన 48 గంటల్లో డాలర్లలో చెల్లింపు. ఎవరైనా ఆడకపోతే వారితో స్వాప్ రద్దు. మొదటి కార్డు పడ్డాక మార్పులు లేవు."

గోవాబోటు:

"అమ్ముకున్న యాక్షన్‌తో సంబంధం లేదు" అన్నది విప్పి రాయండి. ఒకడు 90 శాతం బయట అమ్మేసి, ముగ్గురితో 15 శాతం స్వాప్ పెట్టుకుంటే మొత్తం 105. వాడు ఎంత ఎక్కువ గెలిస్తే అంత ఎక్కువ నష్టపోతాడు, ఎప్పుడు బస్ట్ అవుదామా అని చూస్తాడు. అమ్మింది, మార్చుకుంది కలిపి 70 దాటకూడదని ఒక వాక్యం చేర్చండి. ఎంత అమ్మాడో గ్రూపులో చెప్పాలి.

సరిలెక్క:

చేర్చాను.

లేటురెజి:

డీలర్లకు ఇచ్చే టిప్? బహుమతి నిధిలోంచి సిబ్బందికి ఎలాగూ కొంత పోతుంది. దానిపైన మీరు దిల్‌దార్‌గా ఇచ్చేది లెక్కలోంచి తీసేస్తారా?

గోవాబోటు:

తీసెయ్యం. దిల్ ఎవరిదో జేబూ వాళ్లదే.