ప్లాస్మా టార్చ్‌లో ఎలక్ట్రోడ్లు ఒక షిఫ్ట్ కూడా నిలవడం లేదు, ఏం మార్చాలి?

మాది సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే) ప్లాస్మా కటింగ్ టేబుల్, ఎక్కువగా 10 ఎంఎం మైల్డ్ స్టీల్ ప్లేటు కోస్తాం. ఈమధ్య ఎలక్ట్రోడ్లు, నాజిళ్లు వరసగా పోతున్నాయి. నిన్న టార్చ్ విప్పి చూస్తే ఎలక్ట్రోడ్ మధ్యలో ఆర్క్ పుట్టే చోట ఉండే హాఫ్నియం అనే లోహపు చుక్క 1 ఎంఎం పైనే గుంట పడింది, నాజిల్ రంధ్రం గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా సాగింది, లోపల రింగును వేలితో తుడిస్తే నల్లటి జిడ్డు అంటుకుంది.

నా అనుమానమంతా కంప్రెసర్ నుంచి టార్చ్‌కి వచ్చే గాలి మీదే. వాటర్ సెపరేటర్ కంప్రెసర్ పక్కనే పెట్టాం, కానీ అక్కడ గాలి ఇంకా వేడిగానే ఉంటుంది కదా, ఆవిరిగా దాటిపోయిన తేమ పైపులో చల్లబడి టార్చ్ దగ్గరికొచ్చేసరికి నీళ్లవుతోంది అనుకుంటున్నా. దాన్ని టార్చ్ వైపు జరిపితే సరిపోతుందా, లేక రిఫ్రిజిరేటెడ్ డ్రయ్యర్ (గాలిని చల్లబరిచి తేమ తీసేది) పెట్టక తప్పదా? జిడ్డుకి వేరే ఆయిల్ ఫిల్టర్ కావాలా?

ఇంకో సంగతి, ఇన్నాళ్లూ ప్లేటుకి 1.5 ఎంఎం పైన, అంటే కటింగ్ ఎత్తులోనే పియర్సింగ్ (కోత మొదలుపెట్టే రంధ్రం వేయడం) కూడా చేసేవాళ్లం (తప్పు మాదే). ఇప్పుడు 3 ఎంఎంకి పెంచాక కరిగిన లోహం ఎగిరి నాజిల్‌కి కొట్టడం బాగా తగ్గింది, ఎలక్ట్రోడ్ మాత్రం అలాగే పోతోంది. ప్రోగ్రాంలో కొన్నిచోట్ల ఆర్క్ ప్లేటు అంచు దాటి గాల్లోకి వెళ్లి ఆరిపోతోంది, దాని వల్ల కూడా హాఫ్నియం ఊడొస్తుందా?

అలాగే టేబుల్ మీద ప్లేటును మోసే కింది పట్టీలు కూడా ప్లేటుతో పాటే తెగిపోతున్నాయి. వాటిని తిన్నగా కాకుండా ఏటవాలుగా, విడిగా తీసి మార్చుకునేలా పెట్టిన వాళ్లెవరైనా ఉంటే మందం, మధ్య దూరం ఎంత ఉంచారో చెప్పండి.