రెండేళ్ల వీపీఎన్ చందా: సీజన్ తగ్గింపులో కొనడం లాభమేనా?

మబ్బుచాటు:
నవంబరు మొదలైందో లేదో, బ్లాక్ ఫ్రైడే పేరుతో నా ఈమెయిల్ నిండిపోయింది. వీపీఎన్ అంటే మన ఇంటర్నెట్ రాకపోకలను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే ఇతరులు చదవలేని సంకేతాలుగా మార్చి, తన సర్వర్ గుండా పంపే సేవ కదా, అలాంటి ఒక కంపెనీ 80 శాతానికి పైగా తగ్గింపు అంటోంది. రెండేళ్లకు కడితే మరికొన్ని నెలలు ఉచితమట. ఇంకో కంపెనీ పేజీ తెరవగానే పైన గడియారం వెనక్కి నడుస్తోంది, అది ఆగేలోపే కొనాలట. నేను తరచూ ప్రయాణాల్లో ఉంటాను, హోటళ్ల వైఫై మీదే పని నడుస్తుంది. ఇంట్లో టీవీకి, అమ్మ ఫోనుకు కూడా అదే చందా సరిపోతే బాగుంటుంది. రెండేళ్ల డబ్బు ఒకేసారి కట్టడం మంచిదేనా? టీవీలో పనిచేస్తుందా? గడువు తీరాక ధర ఎంతవుతుంది? అనుభవం ఉన్నవారు చెప్పండి.

లెక్కలపుస్తకం:
మీ మూడో ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. "నెలకు ఇంతే" అని పెద్ద అక్షరాలలో వేస్తారు గానీ, కార్డు నుంచి పోయేది రెండేళ్ల మొత్తం, అదీ ఒక్కసారే. ఆ అంకె కింద లేత బూడిద రంగులో ఒక చిన్న వాక్యం ఉంటుంది: తగ్గింపు మొదటి విడతకే, ఆ తర్వాత మామూలు ధరకు చందా దానంతటదే కొనసాగుతుంది అని. నా విషయంలో సరిగ్గా అదే జరిగింది. రెండేళ్లు పూర్తయిన రోజునే ఏడాది చందా మొత్తం కార్డు నుంచి లాగేసుకున్నారు, అది నేను మొదట కట్టినదానికి ఎన్నో రెట్లు. ముందుగా తెలియజేశామని వాదించారు. ఆ సందేశం ప్రకటనల విభాగంలో, పది ఆఫర్ల మధ్య పడి ఉంది. దీన్ని వ్యాపారం అనాలా, జేబు కొట్టడం అనాలా?

నిశాచరుడు:
ఆ గడియారాన్ని ఎవరూ నమ్మకండి. అదే పేజీని ప్రైవేటు విండోలో తెరిచి చూడండి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుంది. బ్లాక్ ఫ్రైడే పోతే సైబర్ మండే, అది పోతే కొత్త సంవత్సరం, ఆ తర్వాత కంపెనీ పుట్టినరోజు. నేను వీటిని చాలాకాలంగా గమనిస్తున్నాను. పేరు మారుతుంది, ధరలో తేడా స్వల్పం. "మళ్లీ రాదు" అన్నది ఎప్పుడూ మళ్లీ వచ్చింది.

తాళంచెవి:
అందరూ భయపెడుతున్నారు గానీ నా అనుభవం వేరు. తగ్గింపులో కొన్నాను, వేగం నచ్చలేదు, 30 రోజుల వాపసు హామీ కింద చాట్‌లో అడిగాను. ముందు "వేరే సర్వర్ ప్రయత్నించండి" అన్నారు, తర్వాత అదనపు నెలలు ఇస్తామన్నారు. వద్దు, డబ్బే కావాలని గట్టిగా చెప్పాను. పైసా తక్కువ లేకుండా తిరిగి వచ్చింది. రెండు విషయాలు గుర్తుంచుకోండి. కంపెనీ వెబ్‌సైటులోనే కొనండి. ఐఫోనులోని యాప్ స్టోర్ ద్వారా కొంటే వాపసు నిర్ణయం ఆపిల్ చేతుల్లోకి వెళ్తుంది, వీపీఎన్ కంపెనీ చేతులెత్తేస్తుంది. బహుమతి కార్డుతోనో క్రిప్టోతోనో కట్టినవారికి హామీ వర్తించదని కొన్ని కంపెనీల షరతుల్లో ఉంటుంది, అది చదివాకే కట్టండి.

పాతరౌటర్:
నా ఉద్యోగ జీవితమంతా నెట్‌వర్కుల మధ్యే గడిచింది కాబట్టి చెబుతున్నాను. హోటల్ వైఫై కోసమైతే ఎంత తగ్గింపు ఇచ్చినా అది వృథా ఖర్చే. ఈ రోజుల్లో దాదాపు ప్రతి సైటూ హెచ్‌టీటీపీఎస్ అనే సురక్షిత పద్ధతి వాడుతుంది. మీ పాస్‌వర్డు, మీ బ్యాంకు పేజీ ముందే ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తాయి. సైటు తానెవరో రుజువు చేసుకునే సర్టిఫికెట్ స్థానంలో మధ్యలో ఎవరైనా దొంగది పెడితే బ్రౌజరే అడ్డుపడి హెచ్చరిస్తుంది. "కాఫీ షాపులో కూర్చున్న హ్యాకర్" అనే బొమ్మ ప్రకటనల వాళ్లు గీసింది. ఆ బొమ్మ లేకపోతే వాళ్ల సరుకులో సగం అమ్ముడుపోదు.

వానచినుకు:
పాతరౌటర్ గారూ, పాస్‌వర్డు ఒక్కటే రహస్యమా? హెచ్‌టీటీపీఎస్ ఉన్నా నేను ఏ సైటుకు వెళ్తున్నానో డీఎన్ఎస్ ప్రశ్నల్లో (సైటు చిరునామా కనుక్కోవడానికి ఫోను పంపేవి) కనబడుతుంది, కనెక్షన్ మొదలయ్యేటప్పుడు పంపే సైటు పేరులోనూ కనబడుతుంది. వైఫై నడిపేవాడు ఆ జాబితా మొత్తం చూడగలడు. ఒక జబ్బు గురించి, ఒక న్యాయవాది గురించి, ఒక ఉద్యోగం గురించి నేను వెతికానని అతనికి ఎందుకు తెలియాలి? మీకు దాచుకోవలసింది లేకపోవచ్చు. మిగతావారి పరిస్థితి మీరు తీర్మానించకండి.

పాతరౌటర్:
డీఎన్ఎస్ ప్రశ్నలను ఎన్‌క్రిప్ట్ చేసే ఏర్పాటు నేటి బ్రౌజర్లలోనే ఉంది. సెట్టింగుల్లో ఒక మీట నొక్కితే చాలు, రెండేళ్ల చందా అక్కరలేదు. అసలు సంగతి మీరు దాటేస్తున్నారు. ఆ జాబితా హోటల్‌కు కనబడకుండా చేసి, వీపీఎన్ కంపెనీకి అప్పగిస్తున్నారు. హోటల్ చూసేది ఒక రాత్రి, వీళ్లు చూసేది రెండేళ్లు. ఫేస్‌బుక్ 2013లో కొన్న ఒనావో గుర్తుందా? భద్రత పేరుతో ఫోన్లలోకి చేరి, ఎవరు ఏ యాప్ ఎంత వాడుతున్నారో కంపెనీకి మోసింది. 2018లో ఆపిల్ స్టోర్ నుంచి పోయింది, మరుసటి ఏడు మూతపడింది.

వానచినుకు:
ఒనావో ఉచితం. ఇక్కడ మాట్లాడుతున్నది డబ్బు కట్టే చందాల గురించి. మీరు బ్రౌజర్ మీట నొక్కమంటున్నారు, సైటు పేరు కనబడే సంగతికి మాత్రం జవాబు చెప్పలేదు.

పాతరౌటర్:
డబ్బు కట్టేవాటి సంగతా? సరే. "లాగులు (వాడకం రికార్డులు) ఉంచము" అని ప్రచారం చేసుకున్న ప్యూర్‌వీపీఎన్ రికార్డులు 2017లో అమెరికాలో ఒక వేధింపుల కేసులో ఎఫ్‌బీఐ దర్యాప్తుకు పనికొచ్చాయి. ఉంచని లాగులు ఎక్కడి నుంచి వచ్చాయి? వేధించినవాడు దొరికినందుకు సంతోషమే. కానీ కంపెనీ మాట అబద్ధమని తేలింది కదా.

తాళంచెవి:
ఒక కంపెనీని చూపించి అందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. 2023 ఏప్రిల్‌లో స్వీడన్ పోలీసులు సోదా వారంటుతో ముల్వాడ్ అనే వీపీఎన్ కంపెనీ కార్యాలయానికి వెళ్లి, ఉత్త చేతులతో వెనుదిరిగారు. ఖాతాదారుల వివరాలే లేవు, ఏమి తీసుకెళ్తారు? చాలా కంపెనీలు బయటి సంస్థలతో ఆడిట్లు (తనిఖీలు) కూడా చేయించుకుంటున్నాయి.

పాతరౌటర్:
ఆడిట్ అంటే ఫలానా తేదీల్లో, కంపెనీ చూపించిన సర్వర్లలో, చూసినవారికి ఏమి కనబడిందన్నదే. తర్వాతి వారం సెట్టింగు మారిస్తే? నేను ఆడిట్లు చేసినవాడిని, చేయించుకున్నవాడిని. నాకు చెప్పకండి.

తాళంచెవి:
మీకు చెప్పకూడదంటే మరి చర్చ ఎందుకండీ? ఆడిట్ నివేదిక ఉన్న కంపెనీ, లేని కంపెనీ ఒకటేనా? ఒక్క మాటలో చెప్పండి.

పాతరౌటర్:
ఒకటి కాదు. ఉన్నదే మేలు. అయినా హోటల్ వైఫైకి అది అవసరమని మాత్రం ఒప్పుకోను.

గోరువంక:
ముల్వాడ్ పేరు వచ్చింది కాబట్టి నా మాట. అది 2009 నుంచి నెలకు 5 యూరోలే. నెలకు తీసుకున్నా ఏడాదికి తీసుకున్నా అదే ధర, పండగ తగ్గింపు ఉండదు. ఈమెయిల్ కూడా అడగరు, ఒక ఖాతా సంఖ్య ఇస్తారు, అంతే. 2022లో వాళ్లు ఆటో రెన్యువల్‌నే తీసేశారు, లెక్కలపుస్తకం గారికి జరిగినది అక్కడ జరగదు. 80 శాతం తగ్గించినా లాభం మిగులుతోందంటే, ఆ అసలు ధర ఎవరూ కట్టనిదన్నమాట. ఏడాది పొడవునా ఒకే ధర చెప్పేవాడినే నేను నమ్ముతాను.

నిశాచరుడు:
ఆ నమ్మకంతో సినిమా చూడగలరా? స్ట్రీమింగ్‌కు అది చాలాసార్లు పనిచేయదు. బయటి కంప్యూటర్లు వీపీఎన్ గుండా మనదాన్ని నేరుగా చేరుకోనిచ్చే పోర్ట్ ఫార్వర్డింగ్‌ను కూడా 2023లో తీసేశారు, టొరెంట్లు (వాడుకరులు ఒకరి నుంచి ఒకరు ఫైళ్లు దించుకునే పద్ధతి) వాడేవాళ్లం వేరే దారి వెతుక్కోవలసి వచ్చింది. నాకు రెండేళ్ల తగ్గింపు చందా నెలవారీ లెక్కన దానిలో సగానికన్నా తక్కువకే పడింది. నిజాయితీ మంచిదే, నా అవసరం తీరాలి కదా.

గోరువంక:
పోర్ట్ ఫార్వర్డింగ్‌ను దుర్వినియోగం చేసినవారి వల్లే తీసేయవలసి వచ్చింది. ఆ నెపం కంపెనీ మీద వేయకండి.

నిశాచరుడు:
నేను దుర్వినియోగం చేశానా? మాట జాగ్రత్త.

లెక్కలపుస్తకం:
ఇద్దరూ కాస్త శాంతించండి. మబ్బుచాటు గారు ఏ సమీక్షలు చదివి ఈ కంపెనీలను ఎంచుకున్నారో ఎవరూ అడగలేదు. కేప్ టెక్నాలజీస్ అనే సంస్థ 2017లో సైబర్‌గోస్ట్‌ను, 2019లో ప్రైవేట్ ఇంటర్నెట్ యాక్సెస్‌ను, 2021లో 93.6 కోట్ల డాలర్లకు ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్‌ను కొన్నది. అదే 2021లో వీపీఎన్‌మెంటార్ అనే సమీక్షల సైటును నడిపే కంపెనీని కూడా కొనేసింది. వీపీఎన్‌లకు ర్యాంకులు ఇచ్చే సైటు, ఆ వీపీఎన్‌లు ఒకే యజమానివి! మిగతా సమీక్షల సైట్లు చాలావరకు కమీషన్ మీద బతుకుతాయి. వాటి లంకె నొక్కి మీరు కొంటే వాళ్లకు వాటా అందుతుంది. నవంబరులో "ఉత్తమ ఆఫర్లు" వ్యాసాలు గుట్టలుగా పుట్టుకొచ్చేది అందుకే.

వానచినుకు:
యజమాని ఎవరైతేనేమి, యాప్ బాగా పనిచేస్తే చాలు అనుకునేవారూ ఉంటారు. నేనూ వాటిలో ఒకటి వాడాను, ఇబ్బంది రాలేదు.

లెక్కలపుస్తకం:
యజమాని ఎవరన్నది కాదు నా బాధ. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుతున్నాడు, అది చదివేవాడికి తెలియాలి.

ఎండమావి:
రెండేళ్లకే ఇంత గొడవ అయితే "జీవితకాల" చందాల గురించి ఏమంటారు? ఒక్కసారి కట్టండి, ఎప్పటికీ వాడుకోండి అని డీల్ సైట్లలో అమ్ముతారు. వీపీఎన్‌సెక్యూర్ చేతులు మారాక, 2025లో కొత్త యజమానులు జీవితకాల ఖాతాలన్నీ రద్దు చేశారు. ఆ ఖాతాల సంగతి కొనేటప్పుడు తమకు తెలియదని వివరణ ఇచ్చారు. కట్టినవారి గోడు ఎవరికి పట్టింది? సర్వర్లకు ప్రతి నెలా అద్దె ఉంటుంది. ఒక్కసారి తీసుకున్న డబ్బుతో ఎన్నాళ్లు నడుపుతారు? రెండేళ్ల చందాలోనూ ఈ ప్రమాదం ఉంది, కాకపోతే చిన్నది. ఈ రంగంలో రెండేళ్లు తక్కువ కాలం కాదు. కంపెనీ అమ్ముడుపోవచ్చు, షరతులు మారవచ్చు.

మబ్బుచాటు:
అందరికీ ధన్యవాదాలు. ఇన్ని సంగతులు ఉన్నాయని తెలియదు. టీవీ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

నిశాచరుడు:
టీవీ ఏదో చెప్పలేదు మీరు. ఆండ్రాయిడ్ టీవీ, ఫైర్ టీవీ అయితే యాప్ వేసుకుంటే సరి. ఆపిల్ టీవీకి 2023లో వచ్చిన టీవీఓఎస్ 17 నుంచి వీపీఎన్ యాప్‌లు పనిచేస్తున్నాయి. శాంసంగ్, ఎల్‌జీ వాళ్ల సొంత సాఫ్ట్‌వేర్ ఉన్న టీవీలలో నేరుగా వేసుకునే వీలు సాధారణంగా ఉండదు, రౌటర్‌లోనే పెట్టుకోవాలి. ఇంకో సంగతి. నెట్‌ఫ్లిక్స్ 2016 నుంచి వీపీఎన్‌ల మీద కన్నేసి అడ్డుకుంటూనే ఉంది. ఈ రోజు తెరుచుకున్న సర్వర్ వచ్చే నెల తెరుచుకోకపోవచ్చు. ఒకే దేశపు సినిమాల కోసం రెండేళ్లు కట్టకండి.

పాతరౌటర్:
వీపీఎన్ కనెక్షన్ నడిపే పద్ధతులు ఓపెన్‌వీపీఎన్, వైర్‌గార్డ్ అని ఉంటాయి. రౌటర్‌లో పెట్టేవారు వైర్‌గార్డ్ ఉందో లేదో చూసుకోండి. చిన్న రౌటర్ ప్రాసెసర్ మీద ఓపెన్‌వీపీఎన్ నత్తనడక నడుస్తుంది. వైర్‌గార్డ్ కోడ్ చిన్నది, వేగం ఎక్కువ, 2020లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌లోనే చేరింది. కంపెనీ యాప్‌లో ఉందంటే రౌటర్‌కూ ఇస్తుందని అనుకోకండి. రౌటర్‌లో పెట్టుకునే వైర్‌గార్డ్ కాన్ఫిగరేషన్ (సెట్టింగుల) ఫైలు దించుకోనిస్తారా అని కొనకముందే చాట్‌లో అడగండి.

వానచినుకు:
వీపీఎన్ వృథా ఖర్చన్నవారే ఇప్పుడు ఏది వేగమో చెబుతున్నారు. సంతోషం.

పాతరౌటర్:
హోటల్ వైఫైకి వృథా అన్నాను. సరిగ్గా చదవండి.

తాళంచెవి:
హోటల్ అంటే గుర్తొచ్చింది. వీపీఎన్ తెగితే ఇంటర్నెట్‌నే ఆపేసే కిల్ స్విచ్ వేసి ఉంచితే చాలా హోటళ్లలో గది నంబరు అడిగే లాగిన్ పేజీ తెరుచుకోదు. ముందు వీపీఎన్, కిల్ స్విచ్ ఆపి, ఆ పేజీలో వివరాలు ఇచ్చి, తర్వాత మళ్లీ ఆన్ చేయాలి. యాప్ పాడైందని కంపెనీని తిట్టేవారిలో సగం మందికి ఇదే సమస్య.

ఎండమావి:
అమ్మ ఫోనుకు మాత్రం ఉచితమని కనబడినదల్లా వేయకండి. హోలా అనే ఉచిత సేవ తన వాడుకరుల కనెక్షన్లనే ఇతరులకు అమ్ముతోందని 2015లో బయటపడింది. అంటే ఎవరో చేసిన పని మీ ఇంటర్నెట్ చిరునామా మీద నమోదవుతుంది. ఉచితమే కావాలంటే ప్రోటాన్ ఇస్తున్నది నయం. డేటా పరిమితి లేదు, ప్రకటనలు లేవు. దేశం మనం ఎంచుకునే వీలు ఉండదు, ఒక పరికరానికే పనిచేస్తుంది. పెద్దవారి ఫోనుకు అది చాలదా?

లెక్కలపుస్తకం:
ఎండమావి గారి సలహా బాగుంది. మబ్బుచాటు గారూ, ముందు నెలవారీ చందా ఒకటి తీసుకుని, మీ రౌటర్ మీద, మీరు వెళ్లే హోటళ్లలో చూడండి. నిశాచరుడు చెప్పినట్టు ఆఫరు ఎక్కడికీ పోదు. నచ్చి రెండేళ్లకు కడితే, డబ్బు కట్టిన వెంటనే ఖాతా సెట్టింగుల్లో ఆటో రెన్యువల్ ఆపేయండి. చాలా కంపెనీలలో ఆపినా గడువు తీరేదాకా సేవ కొనసాగుతుంది. ఆపినట్టు వచ్చిన ఈమెయిల్ దాచుకోండి.

గోరువంక:
ఆటో రెన్యువల్ ఆపబోతే "ఇప్పుడే ఆపితే మీ భద్రత పోతుంది" అని ఎర్ర అక్షరాలతో పేజీ తర్వాత పేజీ చూపిస్తారు. ఆఖరి పేజీలో "కొనసాగించు" మీట పెద్దగా, "రద్దు చేయి" సన్నని గీత కింద. ఆఖరిదాకా వెళ్లండి, మధ్యలో మూసేస్తే రద్దు కాదు.

మబ్బుచాటు:
నెలవారీతో మొదలుపెడుతున్నాను. టీవీ ఎల్‌జీది కాబట్టి రౌటర్ దారే పట్టాలి. పాతరౌటర్ గారూ, వైర్‌గార్డ్ ఫైలు గురించి ఒక కంపెనీని అడిగితే "మా యాప్ వాడండి" అని మాత్రమే జవాబిచ్చారు. ఇవ్వరని అర్థం చేసుకోవాలా?

పాతరౌటర్:
ఇవ్వరనే అర్థం. వాళ్లను వదిలేయండి. మీ రౌటర్ మోడల్ ఇక్కడ రాయండి, ఏ వేగం వస్తుందో చెబుతాను.