కుమావోన్ రెజిమెంట్ చిహ్నంలోని సింహం చేతిలో శిలువ ఎందుకుంది?

ప్రశ్న:
భారత సైన్యంలోని కుమావోన్ రెజిమెంట్ చిహ్నంలో నడుము వరకే కనిపించే ఒక సింహం పైకి లేచి, ముందు కాళ్లతో శిలువను పట్టుకొని ఉంటుంది. రెజిమెంట్ కేంద్రమేమో హిమాలయాల్లోని రాణీఖేత్‌లో ఉంది, నినాదమేమో "పరాక్రమో విజయతే" అన్న సంస్కృత వాక్యం. వీటితో శిలువకు పొంతన కుదరడం లేదు. ఆ సింహం ఎక్కడి నుంచి వచ్చిందో, సగమే ఎందుకు చూపారో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
దీని మూలం హిమాలయాల్లో లేదు, మన హైదరాబాద్‌లో ఉంది. 1811 నుంచి 1820 వరకు ఇక్కడ బ్రిటిష్ రెసిడెంటుగా, అంటే నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా, పనిచేసిన హెన్రీ రస్సెల్, నిజాం సికందర్ జా కాలంలో, 1813లో, నిజాం ఖర్చుతో ఒక సైనిక దళాన్ని ఏర్పాటు చేయించాడు. రస్సెల్ బ్రిగేడ్‌గా పేరుపొందిన ఆ దళం తర్వాత నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంటు అనే సైన్యంలో భాగమైంది. కంటింజెంటు పదాతి దళాలు 1903లో బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిసి, 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటుగా మారి, 1945 అక్టోబరులో, నేటి ఉత్తరాఖండ్‌లోని ప్రాంతమైన కుమావోన్ పేరు పొందాయి. అప్పటికే నియామకాలు ఎక్కువగా ఉత్తరాదివారివే కావడంతో పేరు మారింది గానీ, రస్సెల్ వంశచిహ్నం నుంచి తీసుకున్న సింహం మాత్రం అలాగే నిలిచిపోయింది. శిలువ కూడా ఆ వంశచిహ్నంలోనిదే కాబట్టి, దాన్ని సైనికుల మతంతో ముడిపెట్టనక్కరలేదు.

రెండవ సమాధానం:
సింహం సగమే ఉండడానికి ఐరోపా వంశచిహ్నాల సంప్రదాయమే కారణం. అక్కడ డాలు మీద గీసే బొమ్మ వేరు, డాలుకు పైన శిరస్త్రాణం మీద నిలిపే బొమ్మ వేరు. శిరస్త్రాణం మీది బొమ్మలో జంతువును నడుము వరకే చూపడం చాలా వంశాల్లో కనిపించే పద్ధతి. సగం అన్నంత మాత్రాన దాన్ని గాయపడినదిగానో ఓడినదిగానో భావించకూడదు; వెనుక కాళ్ల మీద లేచి పంజా చాచిన భంగిమ యుద్ధసన్నద్ధతకు గుర్తు.

మూడవ సమాధానం:
పైవారు చెప్పినదానికి ఒక్క విషయం చేర్చాలి. ఈ కంటింజెంటు జీతాల బకాయిలు నిజాం ప్రభుత్వాన్ని అప్పుల్లో ముంచాయి. చివరకు 1853 ఒప్పందంతో నిజాం రాజ్యంలోని బేరార్ ప్రాంతాన్ని (నేటి మహారాష్ట్రలోని విదర్భలో ఉంది) ఈస్టిండియా కంపెనీ పాలనకు అప్పగించవలసి వచ్చింది. అంటే ఆ సింహం వెనుక దక్కను ప్రజలు కట్టిన పన్నుల సొమ్ము కూడా ఉంది, అది మరువదగినది కాదు. అలాగని చిహ్నాన్ని మార్చాలని ఎవరైనా అంటే, దానితో నేను ఏకీభవించను. గణతంత్రం వచ్చాక సైనిక చిహ్నాల నుంచి బ్రిటిష్ కిరీటాన్ని తొలగించడం న్యాయమే, ఎందుకంటే అది పరాయి సార్వభౌమత్వానికి గుర్తు. ఈ సింహం అలాంటిది కాదు. 1947 నవంబరు 3న కశ్మీర్‌లోని బద్గాంలో ప్రాణమిచ్చి తొలి పరమవీర చక్రకు అర్హుడైన మేజర్ సోమనాథ్ శర్మ, 1962 చైనా యుద్ధంలో లద్దాఖ్‌లోని రెజాంగ్ లా కనుమ వద్ద తన సైనిక దళంతో నిలిచి పోరాడిన మేజర్ షైతాన్ సింగ్ ఇద్దరూ కుమావోన్ రెజిమెంటువారే. నేటి సైనికులకు ఆ సింహం రస్సెల్‌ను కాదు, వీరినే గుర్తుచేస్తుందని నా నమ్మకం.