కళ్లముందే ప్రాణం పోతే: చూసినవాళ్లను కూర్చోబెట్టి చెప్పించాలా, వద్దా?

సేఫ్టీ హెల్మెట్:
పనిచేసే చోట ఒక మనిషి అందరూ చూస్తుండగానే చనిపోయాడనుకోండి. ఎత్తు నుంచి పడటం, కరెంటు షాకు, గుండె ఆగిపోవడం, ఏదైనా కావచ్చు. సంస్థల అత్యవసర ప్రణాళికల్లో తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది: "24 నుంచి 72 గంటల్లోపు చూసినవారందరినీ కౌన్సెలర్ ముందు కూర్చోబెట్టి, చూసింది చెప్పించాలి. హాజరు తప్పనిసరి." ఈ వాక్యం ఉంచాలా, కొట్టెయ్యాలా? లోపల దాచుకుంటే ముదురుతుంది, కక్కించెయ్యాలి అనేవాళ్లు కొందరు. మానే పుండును రేపొద్దు అనేవాళ్లు కొందరు. ఓదార్పు మాటలు వద్దండీ, తేలిన సంగతులు చెప్పండి. కొట్టేస్తే ఆ జాగాలో ఏం రాయాలో కూడా చెప్పాలి.

తూకంరాయి:
కొట్టెయ్యండి.

ఆ 72 గంటల లెక్క ఎక్కడిదో ముందు చూద్దాం. 1983లో అమెరికాలో జెఫ్రీ మిచెల్ అనే ఆయన అగ్నిమాపక, అంబులెన్స్ సిబ్బంది కోసం ఏడు మెట్ల పద్ధతి ఒకటి రాశాడు. పరిచయం, ఏం జరిగింది, ఏమనుకున్నారు, ఏది బాగా కలచివేసింది, ఒంట్లో ఏ లక్షణాలున్నాయి, వాటి గురించి వివరణ, మళ్లీ పనిలోకి. దీన్నే డీబ్రీఫింగ్ అన్నారు. వినడానికి బాగుంది కాబట్టి బ్యాంకు దోపిడీల నుంచి రోడ్డు ప్రమాదాల దాకా అన్నిటికీ వాడేశారు.

తర్వాత పరీక్షించి చూశారు. 1997లో బ్రిటన్‌లో కాలిన గాయాలతో చేరిన 133 మంది మీద జరిగిన అధ్యయనంలో, 13 నెలల తర్వాత పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత వదలకుండా వెంటాడే మానసిక రుగ్మత) ఉన్నవాళ్లు డీబ్రీఫింగ్ జరిగిన గుంపులో 26 శాతం, జరగని గుంపులో 9 శాతం. రోడ్డు ప్రమాద బాధితులను మూడేళ్లు గమనించి 2000లో వెలువరించిన ఫలితం ఇంకా ఇబ్బందికరం. మొదట్లో బాగా కుంగిపోయినవాళ్లలో, డీబ్రీఫింగ్ జరగనివాళ్లు క్రమంగా కోలుకున్నారు. జరిగినవాళ్లు అక్కడే ఆగిపోయారు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2005లోనూ, 2018లోనూ దీన్ని చేయొద్దనే రాశాయి.

గుండ్రంగా కుర్చీలు:
తూకంరాయి గారూ, తూకంలో ఒక రాయి తక్కువ వేశారు. ఆ 1997 అధ్యయనంలో డీబ్రీఫింగ్ గుంపులో పడ్డవాళ్ల గాయాలు మొదటినుంచే పెద్దవి, బాధా ఎక్కువే. అది రాసినవాళ్లే ఒప్పుకున్నారు. పైగా వాళ్లు ప్రమాదానికి గురైనవాళ్లు, మంచం మీద ఉన్న రోగులు. ఒక్కొక్కరినీ విడిగా, లేదా జంటగా, ఒకే ఒక్కసారి కూర్చోబెట్టారు. మిచెల్ రాసింది కలిసి పనిచేసే శిక్షణ పొందిన బృందాలకి. కాలిన గాయాల వార్డులో తేలింది తీసుకొచ్చి, తోటి ఉద్యోగి చావు చూసిన షిఫ్టు మొత్తానికి అంటగడితే ఎలాగండీ?

తూకంరాయి:
మొదటి అభ్యంతరం న్యాయమే. ఒక్క 1997 లెక్క మీదే తీర్పు ఇవ్వకూడదు. కానీ మిగతావి కలిపి తూచినా మేలు జరిగిందన్న ఆధారం తేలలేదు. మేలు తేలని దాన్ని "తప్పనిసరి" అని ఎలా రాస్తాం?

గుంపులో చెప్పించడానికి ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. పదిమందిలో ఇద్దరే దగ్గరనుంచి చూసి ఉంటారు. ఒకరికి వీపు మాత్రం కనిపించింది, ఒకరు శబ్దం మాత్రం విన్నారు. వలయంలో కూర్చోబెట్టి "ఏం చూశారో చెప్పండి" అంటే, శబ్దం మాత్రం విన్నవాడికి ముఖం ఎలా ఉందో కూడా తెలిసిపోతుంది. వాడి పీడకలకి లేని బొమ్మ మనమే గీసి ఇచ్చినట్టు. రెండోది, విచారణ ఇంకా పూర్తయి ఉండదు. ఒకరి మాట విని ఇంకొకరి జ్ఞాపకం మారుతుంది. వాంగ్మూలాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, పొరపాటు ఎక్కడ జరిగిందో చివరికి ఎవరికీ తేలదు.

రాత్రి డ్యూటీ:
మీరిద్దరూ చూసినవాళ్లచేత చెప్పించడం గురించే వాదించుకుంటున్నారు. వాళ్లకి చెప్పాల్సినవి కొన్నున్నాయి, వాటి సంగతి ఎవరూ ఎత్తలేదు.

చావు దగ్గరనుంచి చూడనివాళ్లకి అది ఎలా ఉంటుందో తెలియదు. తెలియక, చూసినదానికి తప్పు అర్థం తీసుకుంటారు. నెలల తరబడి తొలిచేది ఎక్కువగా ఆ తప్పు అర్థమే. తరచూ ఎదురయ్యేవి ఇవి:

ఎగశ్వాస. గుండె ఆగాక కూడా కొన్ని నిమిషాలు నోరు తెరిచి, ఆగి ఆగి, గురకలాంటి ఊపిరి రావచ్చు. మెదడు కింది భాగం చేసే అసంకల్పిత చర్య అది. చూసినవాళ్లు "ఊపిరి ఆడుతోంది కదా అని ఆగాను, నా ఆలస్యం వల్లే పోయాడు" అనుకుంటారు. "ఊపిరాడక ఎంత అవస్థపడ్డాడో" అని కూడా అనుకుంటారు. గుండె ఆగిన కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది, ఆ ఊపిరి ఆ మనిషికి తెలిసి తీసుకున్నది కాదు అని ఎవరో ఒకరు స్పష్టంగా చెప్పాలి. మూర్ఛలాంటి కుదుపులు వచ్చినా ఇదే వివరణ.

జబ్బుతో మంచంలో పోయేవాళ్ల దగ్గర గొంతులో గురగుర. మింగే శక్తి పోయాక చేరిన తేమలోంచి గాలి వెళ్తుంటే వచ్చే చప్పుడు. పక్కకి తిప్పి పడుకోబెడితే తరచూ తగ్గుతుంది. వినేవాళ్లకి ఉన్నంత బాధ ఆ స్పృహలేని మనిషికి ఉండదు. శ్వాస పెరుగుతూ తగ్గుతూ, అర నిమిషం పైన ఆగి, మళ్లీ మొదలవడం ఇంకోటి. 19వ శతాబ్దంలో వర్ణించిన ఇద్దరు వైద్యుల పేరుమీద దాన్ని చెయిన్-స్టోక్స్ శ్వాస అంటారు. "అయిపోయింది" అనుకున్న నిమిషానికి ఇంకో ఊపిరి రావడం చూసి బతికుండగానే వదిలేశామని కుమిలిపోయేవాళ్లున్నారు.

పోయాక కళ్లు సగం తెరుచుకుని ఉండటం, దవడ జారడం, మూత్రం పోవడం: ఇవన్నీ కండరాలు వదులైపోవడం వల్లే. శరీరాన్ని కదిపితే ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలి బయటికొచ్చి మూలుగులా వినిపిస్తుంది. శరీరం ఎత్తినవాళ్లు ఈ ఒక్క శబ్దం దగ్గరే ఇరుక్కుపోతారు. చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఎవరూ చెప్పరు.

అడిగినవాళ్లకే చెప్పండి, అడిగినంతే చెప్పండి. "బాధేమీ పడలేదు" అని తెలియకుండా హామీ ఇవ్వొద్దు. కొన్ని చావుల్లో బాధ ఉంటుంది. అబద్ధమని తర్వాత తెలిస్తే మీరు చెప్పిన నిజాన్ని కూడా నమ్మరు.

సేఫ్టీ హెల్మెట్:
ఇది నా చిత్తుప్రతిలో అసలు లేనే లేదు. సీపీఆర్ (ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే ప్రయత్నం) చేసి కూడా బతికించలేకపోయినవాళ్ల సంగతి?

రాత్రి డ్యూటీ:
వాళ్లు వేరే వరస, ముందు వాళ్లని చూడండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు నొక్కాలి. సరిగ్గా చేసినా పక్కటెముకలు విరగొచ్చు, ఆ పటపటమన్న శబ్దం చేతుల్లో మిగిలిపోతుంది. "నేనే విరగ్గొట్టాను" అనుకుంటారు. ఆస్పత్రి బయట గుండె ఆగినవాళ్లలో బతికి ఇంటికెళ్లేది, లెక్కలు రాసే చాలా దేశాల్లో పదిమందిలో ఒకరి చుట్టుపక్కలే అని చెప్పాలి. టీవీలో చూసినట్టు ప్రతివాడూ దగ్గి లేచి కూర్చోడు.

దగ్గరుండి చూడటమే మనసును పాడుచేస్తుందన్న నమ్మకం కూడా అంత నిలవలేదు. 2013లో ఫ్రాన్స్‌లో 570 మంది బంధువులతో ఒక అధ్యయనం వచ్చింది. ఇంట్లో గుండె ఆగిన మనిషికి సీపీఆర్ చేస్తుంటే, కొందరు బంధువులని "ఉంటారా" అని పద్ధతిగా అడిగారు, పక్కనే ఒకరిని పెట్టి ఏం జరుగుతోందో వివరించారు. మిగతావాళ్ల విషయంలో మామూలుగా చేసేదే చేశారు. 90 రోజులకి చూస్తే పీటీఎస్‌డీ లక్షణాలు ఆ మిగతావాళ్లలోనే ఎక్కువ. చికిత్సకి అడ్డమూ రాలేదు. అడగడం, పక్కన మనిషి, వివరణ, ఈ మూడూ కలిసి ఉన్నాయన్నది మరిచిపోకండి.

మందుల చీటీ:
మొదటి రాత్రి గురించి. "నిద్ర పట్టట్లేదు, ఏదైనా బిళ్ల ఇవ్వండి" అంటే డయజెపామ్, అల్ప్రాజొలామ్ జాతి మందులు ఇవ్వొద్దు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి నెలలో ఆ బెంజోడయజెపైన్లు వద్దని స్పష్టంగానే రాసింది. అలవాటు పడటం ఒక ఇబ్బంది. మనసు తనంతట తాను సర్దుకునే పనికి అడ్డుపడతాయన్న అనుమానం ఇంకోటి. ఇప్పటికే అవి వాడుతున్నవాళ్లు మాత్రం చటుక్కున ఆపకూడదు. మందు పార్టీ పెట్టి మరిపిద్దామనే స్నేహితులని కూడా ఆపండి. మత్తులో నిద్ర వస్తుంది గానీ తెల్లారుజామున తెగిపోతుంది, పీడకలలు సరిగ్గా అప్పుడే వస్తాయి.

టెట్రిస్ ఆట (పైనుంచి పడే దిమ్మెలని తిప్పి అమర్చే వీడియో గేమ్) గురించి ఎవరో అడుగుతారు, ముందే చెప్తాను. రోడ్డు ప్రమాదం జరిగిన ఆరు గంటల్లోపు ఎమర్జెన్సీకి వచ్చిన 71 మందితో ఆక్స్‌ఫర్డ్‌లో చేసి చూశారు. భయంకరమైన క్షణాన్ని కాస్త గుర్తుచేసి, తర్వాత 20 నిమిషాలు ఆట ఆడించారు. వారంలో కళ్లముందు మెదిలే దృశ్యాలు 62 శాతం తగ్గాయి. కంటిచూపుతో బొమ్మలు తిప్పే పనికి మెదడులో చోటు పోతే, దృశ్యం గట్టిపడటానికి చోటు తగ్గుతుందని వాళ్ల ఊహ. అది వారం లెక్కే, పీటీఎస్‌డీ రాకుండా ఆపుతుందని తేలలేదు. ప్రణాళికలో రాసేంత గట్టి సంగతి కాదు.

గుండ్రంగా కుర్చీలు:
మంచిదే, కానీ "వదిలెయ్యండి" అన్నది కూడా ఆధారం లేని మాటే. అంబులెన్స్, ఐసీయూ బృందాలు కేసు అయ్యాక పది నిమిషాలు నిలబడి మాట్లాడుకుంటాయి: ఏం సరిగ్గా జరిగింది, ఏ పరికరం అందలేదు, ఇప్పుడు డ్యూటీ చేయలేని స్థితిలో ఎవరున్నారు. అది పని గురించిన సమీక్ష, ఎవరి గుండెనీ తవ్వేది కాదు. తూకంరాయి గారి గొడ్డలికి అదీ తెగిపోతుందేమోనని భయం.

తూకంరాయి:
దానికి అభ్యంతరం లేదు. ఫీలింగులు చెప్పమని ఒత్తిడి ఉండకూడదు, అంతే.

వదిలెయ్యమని నేనూ అనలేదు. మొదటి గంట పనులు చాలా ఉన్నాయి: దృశ్యానికి అడ్డుతెర, చూసినవాళ్లని వేరే గదికి మార్చడం, నీళ్లు, ఇంటికి ఫోను, రక్తం అంటిన బట్టలు మార్చుకునే ఏర్పాటు. చూసినవాళ్లచేత ఆ చోటు కడిగించకూడదు. సొంతంగా బండి నడుపుకుంటూ పంపకూడదు. ఎవరో అడిగితే "చూశాను" అని చెప్పుకోనివ్వండి, చెప్పకపోతే తవ్వొద్దు.

తర్వాత మూడో రోజు, పదో రోజు, నాలుగో వారంలో ఒకే మనిషి ఫోను చేయాలి. దృశ్యం కళ్లముందు మెదలడం, ఉలికిపాటు, నిద్ర తెగడం మొదటి రెండు వారాల్లో మామూలే, చాలామందికి తగ్గుతూ వస్తాయి. తగ్గుతున్నాయా అన్నదే ప్రశ్న. నాలుగో వారంలో అవును-కాదు జవాబుల పది ప్రశ్నల జాబితా ఒకటి వాడతారు, ఆరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ "అవును"లు వస్తే నిపుణుల దగ్గరికి. పీటీఎస్‌డీ అనే పేరు నెల దాటాకే పెడతారు. అప్పుడు జరిగే చికిత్సలో మళ్లీ ఆ దృశ్యంలోకి వెళ్లడం ఉంటుంది, మామూలుగా 8 నుంచి 12 విడతల్లో, మెట్టు మెట్టుగా, శిక్షణ ఉన్నవాళ్ల దగ్గర. ఒక్క సాయంత్రం గుంపులో తవ్వి వదిలేసేదానికీ దీనికీ చాలా తేడా.

నెల ఆగకూడనివి: చనిపోవాలన్న మాటలు, తను ఎక్కడున్నాడో తెలియకుండా శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం, రోజుల తరబడి నిద్రే లేకపోవడం, రోజూ తాగడం మొదలవడం.

మందుల చీటీ:
ఒక చిన్న సవరణ. మొదటి నెలలోనే లక్షణాలు తీవ్రంగా ఉంటే, ఒక్కొక్కరికీ విడిగా ఆ చికిత్స మొదలుపెట్టవచ్చని 2018 మార్గదర్శకమే చెప్తుంది. "నెల దాకా ఏమీ లేదు" అని రాసేయకండి.

సేఫ్టీ హెల్మెట్:
చిత్తు మార్చాను: "చూసినవారిని మాట్లాడమని బలవంతపెట్టరాదు. మొదటి గంటలో రక్షణ, సమాచారం, ఇంటికి తోడు. అడిగినవారికి, వారు చూసిన శారీరక లక్షణాల వివరణ వైద్య సిబ్బందిచేత. 3, 10, 28 రోజులకి ఫోను. తీవ్ర లక్షణాలుంటే వెంటనే, లేకపోతే నాలుగో వారం ప్రశ్నావళి ప్రకారం నిపుణులకి." సీపీఆర్ చేసినవారి పేర్లు విడిగా రాసుకోవాలని ఇంకో వాక్యం కలిపాను.

గుండ్రంగా కుర్చీలు:
రెండో వారంలో ఇష్టమున్నవాళ్లు కలుసుకునే ఒక గంట కూడా పెట్టండి. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికైనా.

తూకంరాయి:
పెట్టొచ్చు. హాజరు పట్టీ మాత్రం వద్దు.

గుండ్రంగా కుర్చీలు:
పట్టీ లేకపోతే ఆ గంట జీతం ఎవరు వేస్తారండీ? షిఫ్టులో ఉన్నవాడు ఎలా వస్తాడు?

సేఫ్టీ హెల్మెట్:
షిఫ్టు మొత్తానికి ఆ గంట ఖాళీ అని రాస్తే సరి. వచ్చినా, రాకపోయినా జీతం ఒకటే.