వైశాల్యం ఇచ్చి చతురస్రం చుట్టుకొలత అడిగితే పాప తికమక పడుతోంది, ఎలా చెప్పాలి?

మా పాప ఆరో తరగతి. భుజం ఇస్తే చతురస్రం చుట్టుకొలత టక్కున చెప్పేస్తుంది: భుజం 7 సెం.మీ. అయితే 4 × 7 = 28 సెం.మీ. వైశాల్యం ఇచ్చి చుట్టుకొలత అడిగితేనే చిక్కు. వైశాల్యం 36 చ.సెం.మీ. అంటే, 36ను 4తో భాగించి భుజం 9 అంటుంది. మళ్ళీ 4తో గుణించి 36 రాస్తుంది. రావాల్సింది భుజం 6, చుట్టుకొలత 24 సెం.మీ.

గళ్ళ కాగితం మీద 6 × 6 చతురస్రం గీయించి లోపలి గళ్ళు లెక్కపెట్టించాను. అంచు వెంట దారం పెట్టి కొలిపించాను. బొమ్మ ఎదురుగా ఉన్నంతసేపు సరిగ్గానే చెబుతుంది. అది తీసేసి లెక్క మాటల్లో ఇస్తే మళ్ళీ 4తో భాగహారమే. తను మొదట నేర్చుకున్న ఉదాహరణలో భుజం 4 సెం.మీ. దానికి చుట్టుకొలత 16 సెం.మీ., వైశాల్యం కూడా 16 చ.సెం.మీ. రెండూ ఒకటే అన్న భావన అక్కడే పడిందని నా అనుమానం. వర్గమూలం బడిలో ఇంకా చెప్పలేదు. సూత్రం బట్టీ పట్టించడం నాకిష్టం లేదు, పరీక్ష అవగానే మర్చిపోతుంది.

వర్గమూలం అనే మాట లేకుండా, బొమ్మ చూడకుండానే వైశాల్యం నుంచి భుజాన్ని తనే కనుక్కునేలా ఈ వయసు పిల్లలకు మీరైతే ఎలా చెబుతారు?