వెలాస్కెజ్ ‘నూలు వడికేవాళ్లు’ బొమ్మలో మగ్గమేదీ?

పడుగుపేక, బరంపురం:
మా వీధి గ్రంథాలయంలో 17వ శతాబ్దపు స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ వేసిన ఈ బొమ్మ ప్రింటు పెడుతున్నాం. కింద తెలుగులో పది వాక్యాలు రాయాలి. చూసేవాళ్లలో సగం మంది పట్టు నేసే ఇళ్లవాళ్లు. ‘అథీనాకీ అరాక్నీకీ నేత పోటీ’ (గ్రీకు పురాణంలో అథీనా నేతకు దేవత, అరాక్నీ ఆమెతో పోటీకి దిగిన నేతగత్తె) అని రాస్తే ముందు అడిగేది మగ్గమేదీ అనే. ముందున్న ఐదుగురిలో ఒకరు వడుకుతున్నారు, ఒకరు ఉన్ని దువ్వుతున్నారు, ఒకరు ఉండ చుడుతున్నారు. నేసేవాళ్లు మాత్రం లేరు. దీన్ని ఎలా చదవాలి? ప్రింటు ఏ కొలతలో తీయించాలి?

కదురు, పర్లాకిమిడి:
వెనక నుంచి మొదలుపెట్టండి. వెలుగు పడుతున్న గదిలో శిరస్త్రాణం పెట్టుకుని చెయ్యెత్తినది అథీనా. ఎదురుగా అరాక్నీ. వాళ్ల వెనక వేలాడుతున్నది అరాక్నీ నేసిన బట్ట. అందులో ఎద్దు రూపంలో వచ్చిన దేవతల రాజు జ్యూస్, యూరోపా అనే రాకుమారిని ఎత్తుకుపోతున్నాడు. రోమన్ కవి ఒవిడ్ కావ్యం ‘మెటామార్ఫొసీస్’ 6వ భాగంలో అరాక్నీ మొదట నేసిన దృశ్యం ఇదే. అథీనా నేసింది ఏథెన్స్ నగరం కోసం సముద్రదేవుడు పొసైడన్‌తో పడ్డ తగువు, అది ఇక్కడ లేదు. అంటే పోటీ అయిపోయింది. దేవతకు ఆ నేతలో వంక దొరకలేదు. అందుకే కోపం: బట్ట చింపేసి, నాడెతో నుదుటి మీద మూడు నాలుగు సార్లు కొడుతుంది. బొమ్మలో చెయ్యి లేచింది, దెబ్బ ఇంకా పడలేదు.

ఆ యూరోపా వెలాస్కెజ్ సొంత ఊహ కాదు. ఇటలీ చిత్రకారుడు టిషన్ 1559–62 మధ్య స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ కోసం వేసిన చిత్రంలోది. దేవత కూడా తప్పు పట్టలేని పనితనానికి నమూనాగా టిషన్ బొమ్మను తెచ్చి పెట్టాడు. ఈ బొమ్మకు అసలు కీలకం అదేనని నా లెక్క.

ఇక మగ్గం. అరాక్నీ తయారైన బట్టను చూడ్డానికే కాదు, ఆమె పని చేస్తుంటే చూడ్డానికీ వనదేవతలు వచ్చేవారంటాడు ఒవిడ్. ముడి ఉన్నిని ఉండలు చుట్టడం, వేళ్లతో విడదీయడం, బొటనవేలితో కదురు తిప్పడం వరసగా చెబుతాడు. ముందు భాగంలో ఉన్నది దాదాపు ఆ పనులే. ‘పోటీ’ అనకుండా ‘నేతకు ముందు పని’ అని రాయండి, మీవాళ్లు వెంటనే ఒప్పుకుంటారు.

చిలప, రాయగడ:
కదురుగారూ, ఒక్కటి కలపాలి. రాట్నం దగ్గర తెల్ల ముసుగు వేసుకున్న ముసలామే మారువేషంలోని అథీనా అని, వీపు చూపిస్తూ ఉండ చుడుతున్న అమ్మాయే అరాక్నీ అని చాలామంది రాస్తారు. ముసలామె కాలు పడుచు కాలులా ఉండటమే వాళ్ల ఆధారం. కానీ ఒవిడ్‌లో అథీనా ముసలి వేషంలో వచ్చింది హితవు చెప్పడానికి. పోటీకి ముందే వేషం తీసేసింది. కాబట్టి అది ‘అని కొందరంటారు’ స్థాయిలోనే ఉండాలి.

అసలు ఇది పురాణమని తేలిందే 20వ శతాబ్దంలో. అంతవరకూ మాడ్రిడ్‌లోని శాంటా ఇసబెల్ నేతశాల దృశ్యమనుకున్నారు. ఈ బొమ్మ అప్పటి యజమాని పెద్రో దె ఆర్సె 1664 నాటి ఆస్తి జాబితాలో ‘అరాక్నీ కథ’ అన్న పేరు 1948లో వెలుగులోకి వచ్చాక లెక్క మారింది.

కదురు, పర్లాకిమిడి:
ఒప్పుకున్నాను. కాలు సంగతి నేనైతే వదిలేస్తాను.

కొలత సంగతి. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్న అసలు చిత్రం 220×289 సెం.మీ., కానీ వెలాస్కెజ్ వేసింది సుమారు 167×252. మిగతాది తరవాత అతికించిన గుడ్డ. పైన కనిపించే కమాను, గుండ్రటి కిటికీ ఆ అతుకులోవే. మొత్తం వేస్తే మనుషులు చిన్నగా, కిందికి దిగిపోయినట్టు కనిపిస్తారు. పైభాగం ఎక్కువగా, పక్కలు కాస్త కత్తిరించి 90×60 సెం.మీ. తీయించండి, నిష్పత్తి దాదాపు సరిపోతుంది. ముదురు రంగులు నల్లగా ముద్దకట్టకుండా ముందు చిన్న నమూనా తీయించుకోండి. మధ్యలో ఉన్ని దువ్వే ఆమె ముఖం ఎలాగూ నీడలోనే ఉంది, ఇంకాస్త నలుపెక్కితే మనిషే మాయమవుతుంది.

రాట్నాన్ని కూడా దగ్గరగా చూసుకోండి. చక్రానికి ఆకులు లేవు. తిరిగేటప్పుడు కంటికి మిగిలే మసక వెలుగు మాత్రమే వేశాడు. ప్రింటులో ఆ పలచటి మెరుపు పోతే చక్రం ఆగిపోయినట్టుంటుంది.